మంగళవారం ఓడిపోయాక అబ్బాయి ఏం చేస్తాడు?

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. మా అబ్బాయికి 18 ఏళ్లు. తొమ్మిదో ఏట నుంచి టెన్నిస్ ఆడుతున్నాడు, అండర్-18లో జాతీయ స్థాయి దాకా వెళ్లాడు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఈఏపీసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. ఇప్పుడు బీటెక్ వద్దు, ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. ఇంతవరకు మూడు ఎం15 టోర్నీల్లో (ప్రొఫెషనల్ టెన్నిస్‌లో కింది మెట్టు) క్వాలిఫైయింగ్ ఆడాడు, మెయిన్ డ్రాకి, అంటే అసలు పోటీకి చేరలేదు. "ఒక్క ఏడాది టూర్‌కి పంపండి సార్, సరుకుందో లేదో తేలిపోతుంది" అంటున్నాడు కోచ్. మా బావమరిది నవ్వుతున్నాడు. నా జీతంతో అయ్యే పని కాదు. మంగళగిరి దగ్గర 200 గజాల స్థలం ఉంది. అమ్మాయి చదువుకో పెళ్లికో అని కొన్నాం, తను ఇప్పుడు తొమ్మిదో తరగతి. అది అమ్మితే ఒక సీజన్ గట్టెక్కుతుందా? అసలు సీజన్ అంటే ఏడాది పొడవునా వీళ్లు ఏం చేస్తారు? టీవీలో చూసే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు తప్ప మాకేమీ తెలియదు.
ఒక తండ్రి, గుంటూరు జిల్లా

సమాధానం:

మాస్టారూ,

స్థలం అమ్మకండి. మిగతాదంతా చదివేలోపు బ్రోకరుకి ఫోన్ చేసేస్తారేమోనని ఈ ముక్క ముందే చెప్తున్నాను. అబ్బాయిని ఆడించొద్దని అనడం లేదు. ఆడించండి. కానీ "ఒక్క ఏడాదిలో తేలిపోతుంది" అన్న మాట మాత్రం పక్కన పెట్టండి. 18 ఏళ్ల మగపిల్లవాడికి ఏడాదిలో ఏదీ తేలదు. తేలేది ఇంట్లో డబ్బే.

నేను 2000ల మధ్యలో నాలుగేళ్లు ఈ టోర్నీలే ఆడాను. ఇవాళ ఎం15 అంటున్నవాటిని అప్పట్లో ఫ్యూచర్స్ అనేవాళ్లం, మొత్తం ప్రైజ్ మనీ 10,000 డాలర్లు. నాలుగేళ్లకి నాకు దక్కిన ఏటీపీ పాయింట్లు, అంటే మగవాళ్ల ప్రపంచ ర్యాంకు లెక్కగట్టే పాయింట్లు, మూడు. ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, ఇంకా రెండు వేళ్లు మిగులుతాయి. కాబట్టి గొప్ప ఆటగాడి సలహా ఇది కాదు. ఓడిపోవడంలో బాగా అనుభవం ఉన్నవాడి సలహా. మీ అబ్బాయి వెళ్లబోయే చోట పనికొచ్చేది ఈ రెండో రకమే అనుకుంటాను.

సీజన్ అంటే ఏమిటని అడిగారు కదా. పైవాళ్ల సీజన్ సూర్యుడి వెంట తిరుగుతుంది. జనవరిలో ఆస్ట్రేలియా. ఫిబ్రవరిలో యూరప్, దక్షిణ అమెరికా, గల్ఫ్ దేశాలు, మార్చిలో అమెరికాలో హార్డ్ కోర్టులు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా యూరప్ మట్టి కోర్టులు, పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్. తర్వాత నెల రోజులు గడ్డి, వింబుల్డన్. ఆగస్టులో మళ్లీ అమెరికా. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆసియా. నవంబర్ మధ్యలో ట్యూరిన్‌లో మొదటి ఎనిమిది మంది ఆడే ఫైనల్స్‌తో తెర దించేస్తారు. ఆ తర్వాత నాలుగైదు వారాలు విశ్రాంతి, దాన్నే ఆఫ్ సీజన్ అంటారు గానీ అందులో సగం జిమ్‌లోనే గడుస్తుంది.

మీ అబ్బాయికి ఈ క్యాలెండర్‌తో పని లేదు. అతని స్థాయిలో సీజన్‌కి మొదలూ చివరా ఉండవు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) వాళ్ల ఎం15, దాని పై మెట్టు ఎం25 టోర్నీలు ఏడాదంతా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ప్రతి వారం జరుగుతూనే ఉంటాయి. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ లాంటి ఊళ్లలోనైతే ఒకే రిసార్టులో వరసగా వారం వెనక వారం పెడతారు. కుర్రాళ్లు అక్కడికి వెళ్లి నెల రోజులు మకాం వేస్తారు. సముద్రం పక్కనే ఉంటుంది, చూసే తీరిక ఉండదు.

అక్కడ ఒక వారం ఎలా గడుస్తుందో చెప్తాను. మీకు అసలు సీజన్ అర్థమయ్యేది అక్కడే.

టోర్నీ మొదలయ్యే సోమవారానికి 18 రోజుల ముందు గురువారం నాటికి ఆన్‌లైన్‌లో ఎంట్రీ వేయాలి. ర్యాంకుల ప్రకారం జాబితా వస్తుంది: మెయిన్ డ్రా, క్వాలిఫైయింగ్, ఆల్టర్నేట్. మీ అబ్బాయి పేరు మొదట్లో ఆల్టర్నేట్‌లోనే ఉంటుంది, అదీ అడుగున. పైవాళ్లు తప్పుకుంటున్నకొద్దీ పేరు జరుగుతూ పైకి వస్తుంది. మన వెయిటింగ్ లిస్ట్ టికెట్టు లాంటిదే అనుకోండి. చార్ట్ తయారయ్యేదాకా బెర్తు ఉందో లేదో తెలియదు. ఈలోగా విమానం టికెట్ ధర మాత్రం ఆగదు. వెళ్లే టికెట్ సంగతి సరే, తిరుగు టికెట్ ఏ తేదీకి తీయాలి? ఎప్పుడు ఓడిపోతాడో ముందే తెలియదు కదా. ఈ ఒక్క చిక్కు వల్ల టూర్‌లో ఉన్నవాళ్లు అందరికంటే ఎక్కువ ధర పెట్టి ప్రయాణాలు చేస్తుంటారు.

ఆది, సోమవారాల్లో క్వాలిఫైయింగ్. అందులో గెలిచినా ఓడినా డబ్బు రాదు. గెలిచినవాళ్లు 32 మంది ఉండే మెయిన్ డ్రాలోకి వస్తారు. మంగళ, బుధవారాల్లో మొదటి రౌండు. ఎం15లో మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది 156 డాలర్లు, మన లెక్కలో పదమూడు వేల పైచిలుకు. అందులోంచి అక్కడి పన్ను కోసుకునే చేతికిస్తారు. మొదటి మ్యాచ్ గెలిస్తే ఒక్క పాయింట్. ఐదు మ్యాచ్‌లూ గెలిచి కప్పు పట్టుకుంటే 15 పాయింట్లు, 2,160 డాలర్లు.

ఇప్పుడు ఆ 15ని గుర్తు పెట్టుకుని పైకి చూడండి. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఉంటే 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫైయింగ్ గెలిచి వస్తారు, ఎనిమిది వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు పిలిచి ఇచ్చే చోట్లు. ఆ క్వాలిఫైయింగ్‌లోనూ 128 మంది. అంటే కనీసం గ్రాండ్‌స్లామ్ గుమ్మంలో నిలబడాలన్నా ర్యాంకు 230 చుట్టుపక్కల ఉండాలి. అక్కడున్నవాడి ఖాతాలో దాదాపు 250 పాయింట్లు ఉంటాయి. ఎం15 కప్పుల్లో కొలిస్తే పదిహేడు కప్పులు. అందుకే ఎవరూ ఎం15లు ఆడుతూ పైకి రారు. అక్కడ తొందరగా గెలిచి ఎం25కి, అక్కణ్నుంచి పెద్ద టూర్‌కి ఒక్క మెట్టు కింద ఉండే చాలెంజర్ టోర్నీలకి దాటేయాలి. చాలెంజర్లలో కప్పుకి 50 నుంచి 175 పాయింట్లు, మెయిన్ డ్రా ఆడేవాడికి హోటల్ గది కూడా టోర్నీ వాళ్లే ఇస్తారు. ఎం15లో మగ్గిపోయేవాళ్లు మగ్గిపోతూనే ఉంటారు. నేను మగ్గినవాణ్నే.

పైగా ఆ పాయింట్లు సొంత పొలం కాదు, కౌలు. 52 వారాలకి గడువు తీరిపోతుంది. పోయిన ఏడాది ఇదే వారం గెలిచింది ఈ ఏడాది మళ్లీ గెలవకపోతే ర్యాంకు కిందకి జారుతుంది.

ఇది మీకు బాగా తెలియాలంటే సుమిత్ నాగల్ సంగతి చూడండి. 2023 సెప్టెంబర్‌లో, దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడిగా ఉంటూ, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. మన డబ్బులో ఎనభై వేలు. ఆ ఏడాది అప్పటికి 24 టోర్నీలు ఆడి సుమారు 65 లక్షలు సంపాదించాడు. అందులో పెద్ద మొత్తం యూఎస్ ఓపెన్ క్వాలిఫైయింగ్ మొదటి రౌండ్‌లోనే ఓడినందుకు వచ్చిన 22,000 డాలర్లు. ఖర్చు ఏడాదికి 80 లక్షల నుంచి కోటి, అదీ ఒక్క కోచ్‌ని వెంట తిప్పుకుంటే, ఫిజియో లేకుండా. లెక్క మీకే తెలుస్తోంది.

నాలుగు నెలలు తిరక్కుండానే 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడు క్వాలిఫైయింగ్ రౌండ్లు గెలిచి, మెయిన్ డ్రా మొదటి మ్యాచ్‌లో 31వ సీడ్ (ర్యాంకుని బట్టి టోర్నీవాళ్లు ముందువరసలో పెట్టే ఆటగాడు) అలెగ్జాండర్ బుబ్లిక్‌ని మూడు సెట్లలో ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మన మగవాళ్లలో ఒకరు సీడెడ్ ఆటగాణ్ని ఓడించడం 1989లో రమేష్ కృష్ణన్ మాట్స్ విలాండర్‌ని ఓడించిన తర్వాత అదే. రెండో రౌండ్‌లో ఓడినా 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, దగ్గర దగ్గర కోటి రూపాయలు. ఫిబ్రవరిలో చెన్నై చాలెంజర్ గెలిచి మొదటిసారి టాప్ 100లో అడుగుపెట్టాడు. ఏప్రిల్‌లో మాంటె కార్లోలో క్వాలిఫై అయ్యి ఒక మ్యాచ్ గెలిచాడు. జూన్‌లో జర్మనీలో హైల్‌బ్రోన్ చాలెంజర్ కప్పు. జూలైలో 68వ ర్యాంకు, అదే అతని అత్యుత్తమం.

పేపర్లలో వచ్చింది ఇంతవరకే. ఇప్పుడు అదే ఏడాదిని రెండో వైపు తిప్పి చూడండి. ఫ్రెంచ్ ఓపెన్ మొదటి రౌండ్‌లో ఓటమి. వింబుల్డన్ మొదటి రౌండ్‌లో ఓటమి. పారిస్ ఒలింపిక్స్‌లో అంతే. యూఎస్ ఓపెన్‌లో అంతే. మార్చిలో ఇండియన్ వెల్స్‌లోనైతే క్వాలిఫైయింగ్‌లో ఓడిపోయాక, నడాల్ తప్పుకోవడంతో లక్కీ లూజర్‌గా లోపలికెళ్లి మళ్లీ ఓడాడు. ఒకే టోర్నీలో రెండు ఓటములన్నమాట! 2025 జనవరిలో ఆస్ట్రేలియాలో మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టేసరికి నిరుటి పాయింట్లు పోయి టాప్ 100 నుంచి బయటికొచ్చేశాడు. ఇది ఒక ఆటగాడి జీవితంలో అన్నిటికంటే మంచి సీజన్, మాస్టారూ. మంచి సీజన్‌లో కూడా ఎక్కువ వారాలు ఓటమితోనే ముగుస్తాయి. టెన్నిస్‌లో వారానికి ఒక్కడే ఓడకుండా ఇంటికి వెళ్తాడు. క్రికెట్‌లో డ్రా ఉంది, రంజీలో మ్యాచ్ ఫీజు ఉంది. ఇక్కడ రెండూ లేవు.

కాబట్టి మీ కోచ్ "సరుకుందో లేదో" అంటున్నాడే, ఆ సరుకు గెలిచిన మ్యాచ్‌లలో కనపడదు. మంగళవారం మధ్యాహ్నం ఓడిపోయినవాడు బుధవారం పొద్దున ఏం చేస్తున్నాడో చూస్తే కనపడుతుంది.

నా సంగతే చెప్తాను. ఉత్తరాదిలో ఒక ఊళ్లో ఫ్యూచర్స్. మంగళవారం 6-1, 6-2తో నలభై నిమిషాల్లో నన్ను ఇంటికి పంపేశాడు ఒక కొరియా కుర్రాడు. తర్వాతి టోర్నీ పక్క రాష్ట్రంలో, ఆదివారం. రైలు శుక్రవారం రాత్రి. స్టేషన్ రోడ్డులో లాడ్జి, ఇద్దరం ఒకే గది. నేను మూడు రోజులు పరుపు మీద పడుకుని టీవీలో పాత సినిమాలు చూశాను. పూటపూటకీ కింద హోటల్ నుంచి పరాటా తెప్పించుకున్నాను. నాతో ఉన్నది తమిళ కుర్రాడు, అతనూ నాలాగే మంగళవారమే ఓడిపోయాడు. బుధవారం తెల్లవారుజామున ఐదున్నరకి నిద్రలో నాకు ఏదో కిర్రు కిర్రుమని చప్పుడు. లేచి చూస్తే మంచం కోడుకి రాకెట్ తీగలు కట్టే చిన్న గట్టింగ్ మెషీన్ బిగించి, సెల్‌ఫోన్ వెలుతురులో రాకెట్‌కి గట్స్ లాగుతున్నాడు. చివరి ముడి వేసి, నెయిల్ కట్టర్‌తో తోక కత్తిరించి, నన్ను చూసి నవ్వి వెళ్లిపోయాడు. ఆ మూడు రోజులు పొద్దున్నే కోర్టు దగ్గర నిలబడి, ఇంకా టోర్నీలో మిగిలి ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ "వార్మప్‌కి ఎవరైనా కావాలా?" అని అడిగాడు. క్వార్టర్ ఫైనల్ ఆడేవాడితో అరగంట, సెమీస్ ఆడేవాడితో అరగంట, ఆఖరికి నన్ను ఓడించిన కొరియా కుర్రాడితో గంట. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఆ వారంలో తనకంటే బాగా ఆడేవాళ్ల బంతులు కొన్ని వందలు కొట్టాడు. ఖర్చు ఇద్దరిదీ ఒకటే. కొనుక్కున్నది వేరు. రెండేళ్ల తర్వాత ఆ అబ్బాయి ఐదు వందల లోపు ర్యాంకులో ఉన్నాడు. నేను బ్యాంకు పరీక్షలకి కోచింగ్‌లో ఉన్నాను.

మీ అబ్బాయి ఆడిన ఆ మూడు క్వాలిఫైయింగ్‌ల తర్వాత ఏం చేశాడో ఒకసారి అడిగి చూడండి. తిట్టడానికి కాదు, ఊరికే తెలుసుకోవడానికి. ఆ రాత్రే బస్సెక్కాడా, అక్కడే ఉండి మ్యాచ్‌లు చూశాడా? ఎవరితోనైనా ఆడాడా?

ఓడిన వారాన్ని నిలబెట్టే ఇంకో ఊతం డబుల్స్. సింగిల్స్ పోయినా డబుల్స్ ఉంటే గురువారం, శుక్రవారం దాకా కోర్టు మీదే ఉంటాడు. డబ్బు కొద్దిగానే వస్తుంది గానీ ర్యాంకు వేరుగా పెరుగుతుంది. మన హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి, అర్జున్ కఢేతో కలిసి 2024లో కజకిస్థాన్‌లోని అల్మాటీలో ఏటీపీ 250 (పెద్ద టూర్‌లో మొదటి మెట్టు) డబుల్స్ టైటిల్ గెలిచాడు. సానియా మీర్జాని అందరూ డబుల్స్ నంబర్ వన్‌గానే గుర్తుపెట్టుకున్నారు, 2015 ఏప్రిల్‌లో ఆ ర్యాంకు వచ్చింది. కానీ అంతకుముందు 2007లో ఆమె సింగిల్స్‌లో 27 దాకా వెళ్లింది, తర్వాత గాయాలు తగిలాకే డబుల్స్ మీద పూర్తిగా దృష్టి పెట్టింది. డబుల్స్ అంటే చేతకానివాళ్ల ఆట అని మీ కోచ్ అంటే మాత్రం కోచ్‌ని మార్చండి.

ఇక డబ్బు. కోచ్‌ని వెంట పంపకుండా, స్లీపర్‌లో గానీ థర్డ్ ఏసీలో గానీ వెళ్లి, గది ఇంకొకరితో పంచుకుంటే మన దేశంలో ఒక టోర్నీ వారానికి 25 నుంచి 35 వేలు అవుతుందని నా లెక్క. విదేశంలో నాలుగు వారాల విడత ఒకటికి, విమానం టికెట్టూ వీసా కలుపుకుని, మూడు లక్షలు దగ్గర పెట్టుకోండి. రాకెట్లు కనీసం మూడు, బూట్లు రెండు మూడు నెలలకో జత, గట్స్ రీళ్లు. గట్టింగ్ మాత్రం అబ్బాయి సొంతంగా నేర్చుకోవాలి. టోర్నీ దగ్గర ప్రతిసారీ కట్టించుకుంటే సీజన్ మొత్తానికి ఒక టికెట్ డబ్బు దానికే పోతుంది.

టాప్ 250లోకి వెళ్తే ఆసరా ఉంది. 2024 నుంచి ఏటీపీ ఒక కనీస ఆదాయ పథకం పెట్టింది: మొదలుపెట్టిన 2024లో 176 నుంచి 250 లోపు ర్యాంకులవాళ్లకి ఏడాదికి 75,000 డాలర్లు, 101 నుంచి 175 లోపు 1,50,000, టాప్ 100కి 3,00,000 అన్నారు. ఆ మొత్తానికి తగ్గితే తేడా వాళ్లే ఇస్తారు. కానీ 251వాడికి ఏమీ లేదు. మీ అబ్బాయి ఇంకా ఆ లెక్కలోకే రాడు.

వీసాల గురించి మీ బావమరిదికి కూడా తట్టి ఉండదు. యూరప్ వాళ్ల కుర్రాడు ఈ వారం ఇటలీలో ఓడితే రైలెక్కి వచ్చే వారం క్రొయేషియాలో ఆడతాడు. మన పాస్‌పోర్ట్‌తో షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. మట్టి కోర్టుల కాలం అంతా అక్కడే ఉందామంటే కుదరదు. ఎంట్రీ జాబితా రెండున్నర వారాల ముందు వస్తుంది, వీసా స్లాట్ రెండు నెలల ముందు బుక్ చేయాలి. 2025 నవంబర్‌లో నాగల్ అంతటివాడే చైనా వీసా తిరస్కరించారని, సాయం చేయమని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. కాబట్టి అబ్బాయి ప్రయాణాలు ర్యాంకుని బట్టి కాకుండా వీసాని బట్టి వేసుకోండి. ముందు మన దేశంలో జరిగేవి, తర్వాత థాయ్‌లాండ్ లాంటి దగ్గరి దేశాల్లోవి. మొదటి ఆరు నెలలకి యూరప్ మాటే వద్దు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. బహుశా మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైంది అదే.

మీరు బీటెక్, టూర్ అని రెండే దారులు రాశారు. అమెరికా కాలేజీ టెన్నిస్ మాట ఎక్కడా లేదు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీలో చదువుతూ 2007, 2008లలో వరసగా కాలేజీ సింగిల్స్ చాంపియన్ అయ్యాడు, తర్వాత ప్రపంచంలో 62వ ర్యాంకు దాకా వెళ్లాడు. మన విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో చదివి వచ్చాకే 137 ర్యాంకు చేరాడు, 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫై అయ్యి మెయిన్ డ్రా ఆడాడు. తెలంగాణ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదివి వచ్చి, 2024లో ముంబై ఓపెన్‌లో టాప్ సీడ్ కేలా డేని ఓడించింది. నాలుగేళ్లు రోజూ మంచి కోర్టులు, జిమ్, ఫిజియో, వారం వారం మ్యాచ్‌లు, చేతికొక డిగ్రీ. పైగా ఈ మధ్య కాలేజీ ర్యాంకుల్లో ముందున్నవాళ్లకి చాలెంజర్లలో నేరుగా చోటిచ్చే పద్ధతి కూడా పెట్టారు. 22 ఏళ్లకి టూర్‌కి రావడం ఆలస్యమని ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

అక్కడా చిక్కులున్నాయి. మగపిల్లల జట్టు మొత్తానికి చాలా ఏళ్లు నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఆ పద్ధతి మారింది గానీ పూర్తి స్కాలర్‌షిప్ మీ అబ్బాయికి పళ్లెంలో పెట్టి ఇస్తారని అనుకోవద్దు. అసలైన మెలిక ఇంకొకటి. టెన్నిస్‌లో హైస్కూల్ అయ్యాక, అంటే మన ఇంటర్ అయ్యాక, ఆరు నెలల వెసులుబాటు దాటి టోర్నీలు ఆడుతూ పోతే కాలేజీలో ఆడే సంవత్సరాలకి కోత పడుతుందన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. ప్రైజ్ మనీ తీసుకోవడం మీదా షరతులున్నాయి. ఇవన్నీ ఈ మధ్య కోర్టు కేసుల వల్ల మారుతున్నాయి. కాబట్టి నా మాటా, మీ కోచ్ మాటా నమ్మొద్దు. అబ్బాయి ఇష్టపడే నాలుగైదు కాలేజీల టెన్నిస్ కోచ్‌లకి ఇప్పుడే మెయిల్ పెట్టి, "నేను ఫలానా నెలలో ఇంటర్ పూర్తి చేశాను, ఇన్ని ప్రొ టోర్నీలు ఆడాను, ఇంకా ఇన్ని ఆడితే నా అర్హత ఏమవుతుంది?" అని అడిగి జవాబు రాతలో తెచ్చుకోవాలి. "ఒక్క ఏడాది ఆడి చూద్దాం, కాకపోతే అమెరికా పంపుదాం" అనుకుని, ఏడాది తర్వాత అడిగి, తలుపు సగం మూసుకుపోయిందని తెలుసుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. మెయిల్‌తో పాటు ఒక పూర్తి మ్యాచ్ వీడియో పంపండి. పాటలు పెట్టి కట్ చేసిన వీడియో వద్దు. ఓడిన మ్యాచ్ అయినా ఫర్వాలేదు.

నేనైతే ఏం చేస్తానంటే: ఏడాది అన్న మాట తీసేసి 20 వారాలు అంటాను. ఈ ఆరు నెలల్లో 14 వారాలు మన దేశంలో, ఆరు వారాలు బయట. మూడు వారాలు ఆడటం, ఒక వారం ఇంటి దగ్గర ప్రాక్టీసు, అలా విడతలుగా. పది లక్షల లోపు తేలుతుంది. అది మీకు చిన్న మొత్తం కాదని తెలుసు. పీఎఫ్ లోను పెడతారో, కోచ్ ఫీజు కొన్నాళ్లు తగ్గించమని అడుగుతారో మీ ఇష్టం. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చే ఏడాది పనికిరాదు, మళ్లీ రాయాల్సిందే. ఆ సంగతి అబ్బాయికి ముందే స్పష్టంగా చెప్పండి. 20 వారాల తర్వాత ర్యాంకు చూడొద్దు, అప్పటికి రెండు మూడు పాయింట్లు ఉంటే గొప్ప. క్వాలిఫైయింగ్ రౌండ్లు గెలుస్తున్నాడా, 600 నుంచి 900 మధ్య ర్యాంకులవాళ్లతో ఆడినప్పుడు సెట్లు ఎలా పోతున్నాయి, 6-2లా, 7-5లా? మొదటి నెలకీ ఆఖరి నెలకీ తేడా ఉందా? ఇవి చాలు.

ఇంకో రెండు ముక్కలు, ఇవి ఇంటి పెద్దగా మీరు చెప్పాల్సినవి. చిన్న టోర్నీల స్కోర్ల మీద కూడా ప్రపంచమంతా బెట్టింగ్ నడుస్తుంది. అబ్బాయి ఓడిన రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు అమ్మనాన్నల్ని తిడుతూ మెసేజ్‌లు పెడతారు. వాళ్లు ఇతని మీద డబ్బు పోగొట్టుకున్నవాళ్లు, అంతే. తెరవకుండా తీసేయమనండి. ఇంకోరకం మెసేజ్ మర్యాదగా వస్తుంది: "బ్రదర్, ఒక్క సెట్ వదిలేయ్, ఇంత ఇస్తాం." 156 డాలర్ల కోసం ఆడేవాడికి ఆ "ఇంత" చాలా పెద్దగా కనిపిస్తుంది. దానికి ఒప్పుకుంటే నిషేధం సరే, అలా అడిగారని టెన్నిస్ ఇంటిగ్రిటీ ఏజెన్సీకి చెప్పకపోవడం కూడా నేరమే. ఇంట్లో కూర్చోబెట్టి ఈ మాట ఒకసారి సూటిగా చెప్పండి. అలాగే జిమ్‌లో ఎవరో ఇచ్చిన ప్రొటీన్ డబ్బా, దగ్గుకి మందుల షాపువాడు ఇచ్చిన సిరప్, ఏదీ అడక్కుండా మింగకూడదు. డోప్ పరీక్షలో "నాకు తెలియదు" అన్న జవాబు చెల్లదు.

ఓడిన రోజు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియక నాన్నలు స్కోరు అడుగుతారు. స్కోరు ఇంటర్నెట్‌లో ఉంటుంది. మా నాన్న మాత్రం ఎప్పుడూ "ఏం తిన్నావురా" అనే అడిగేవారు. అప్పట్లో చిరాకేసేది. పెట్టెలో అమ్మ సర్దిన చిన్న రైస్ కుక్కరు, కందిపొడి సీసా ఉండేవి. ఆ మూడు రోజులు పరాటా బదులు అదైనా వండుకుని ఉంటే బాగుండేది.

చివరిగా ఒకటి గమనించాను. ఉత్తరం మీరు రాశారు, కోచ్ మాట రాశారు, బావమరిది నవ్వు రాశారు. అబ్బాయి మాట ఒక్క వాక్యమే ఉంది. మీకు తెలియకుండా అతను ఎంట్రీలు వేయడం మొదలుపెట్టాలి. గురువారం గడువు మీరు గుర్తుచేస్తే వేసేవాడైతే ఇంకా టూర్‌కి సిద్ధంగా లేడు. మొదటి టోర్నీ ఎంచుకున్నాక, వెళ్లే రైలూ, దిగే లాడ్జీ, డబుల్స్‌కి జోడీ అన్నీ తనే చూసుకుని, ఓడిన బుధవారం నాడు నాకు ఒక ఉత్తరం రాయమనండి. గెలిస్తే రాయక్కర్లేదు.